గండిలో వెనక నడిచినవాడు

చౌక్తడాలో ఫొటోల షాపు కిటికీ అద్దం వెనక కొత్తగా పెట్టిన పటం చూశారు కదా? ఈ బర్మా రంగం పట్నంలో దాన్ని చూడనివాడెవడు! అయితే చెప్పండి, ఏం చూశారు? గొణగొద్దు. నా మొహంలోకి చూసి చెప్పండి.

చేతుల్లేని, కాళ్లులేని తెల్లకోటు. దాని పైన మెడ లేదు. తల లేదు. కోటు కాలరుకి జానెడు పైన... గాలిలో తేలుతున్న తెల్లటి వలయం. అంతే కదా?

ఉరితాడు అన్నారు కొందరు. బర్మావాళ్లు 'తసే, తసే' అని గుసగుసలాడారు. అంటే దెయ్యం. ఆడవాళ్లు పిల్లల కళ్లు మూసి, తాము మాత్రం వేళ్ల సందుల్లోంచి చూశారు. మా కూలీల పేట లమ్మడా నుంచి పని మానుకుని పోయి చూసొచ్చినవాళ్లూ ఉన్నారు. ఛీ, ఆ గుంపు! అందులో నేనూ ఉన్నాను.

పటంలో ఉన్న చోటు ఈ దేశంలోది కాదు. మధ్యధరా సముద్రంలో కార్సికా అనే కొండల దీవి. అక్కడ ఒక గండి. రెండు ఎర్రటి కొండలు ఒకదాని మీదకి ఒకటి వాలినట్టుంటాయట. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడే ఎండ లోపలికి దిగుతుంది, అదీ ఒక్క గడియ. ఆ ఊళ్లవాళ్లు దాన్ని దెయ్యం గొంతుక అంటారు. మేక తప్పిపోయి లోపలికి పోతే కాపరి బయట నిలబడి రాళ్లు విసురుతాడే తప్ప అడుగు పెట్టడు.

ఎందుకంటే, ఆ గండిలో ఒంటరిగా నడిస్తే... వెనకాల ఇంకొకరు నడుస్తారు.

ఈ సంగతి మాకు దండాసి చెప్పాడు. గంజాం వాడు. దొరల క్లబ్బులో గ్లాసులు అందించే పని. టేకు కంపెనీ దొర ఒకడు సెలవు మీద తన సీమకి పోతూ, దారిలో ఆ దీవి కొండలు నడిచి చూసి వచ్చాడు. ఆ కథ క్లబ్బులో తోటి దొరలకి, దొరసానులకి చెప్తుంటే కుర్చీ వెనక నిలబడి విన్నాడు దండాసి. ఆ రాత్రే లమ్మడాలో మా గదికి వచ్చాడు. గదిలో ఇరవైమంది జెట్టీ కళాసీలం. గుమ్మంలో మాకు వండిపెట్టే సూరమ్మ.

"దీపం తగ్గించండి" అన్నాడు. తగ్గించాం.

దొర ఒంటరిగా బయల్దేరాడట. మొదటి రోజంతా కొండలే. మోకాలెత్తు ముళ్లపొదలు, తొక్కితే కర్పూరం వాసన. పొయ్యిరాళ్లలా కాలే బండలు. నీళ్లు ఎక్కడో అడుగున వినిపిస్తాయి, కనిపించవు. రెండోరోజు పొద్దు వాలే వేళకి గండిలోకి దిగాడు.

వెనక అడుగుల చప్పుడు.

దొర ఆగాడు — ఆగింది. నడిచాడు — నడిచింది. ఎవరని అడిగితే జవాబు లేదు. ఊపిరి మాత్రం... హుఁ... హుఁ... గుండెల మీద కొండ పెట్టినట్టు, అదిమి పట్టి తీస్తున్న ఊపిరి.

"ఓలమ్మ!" అంది సూరమ్మ.

ఆ రాత్రి దొర బండ కింద పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి... నిప్పు రాజుకుని ఉంది. నీళ్లు కాగి ఉన్నాయి. నేను వెలిగించలేదు అన్నాడట దొర. దొరసానులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారట.

"దెయ్యం టీ కూడా కాసిందేటి?" అన్నాడెవడో చీకట్లోంచి.

మూడోరోజు సాయంత్రం. గండి ఇరుకైన చోట, లోతైన లోయ అంచున ఒక గుహ. దొర మూడుకాళ్ల కెమెరా నిలబెట్టాడు. మూత తీసి ముప్పై లెక్కపెట్టాడు. గుహ ముందు ఎవరూ లేరట. మూత పెట్టాడో లేదో... రాళ్లు జారిన చప్పుడు. ఒక కేక. ఆ కేక కొండకీ కొండకీ తగిలి దిగిపోయింది... దిగిపోయింది... ఆగిపోయింది.

దొర వెనక్కి చూడలేదు. కెమెరా చంకన పెట్టుకుని పరుగు. చీకట్లో ఊరు చేరేదాకా వెనక అడుగులు వస్తూనే ఉన్నాయట.

తర్వాత కెమెరాలోని గాజుపలక కడిగితే — ఆ పటం.

మర్నాడు మధ్యాహ్నం నేను చౌక్తడా వెళ్లాను. ముప్పై ఏళ్లు జెట్టీ మీద బస్తాలు మోసినవాణ్ణి. నా మెడ చూడండి, భుజాల్లోకి దిగిపోయింది. గుంపును తోసుకుని అద్దం దగ్గరికి పోయాను. చూశాను.

భయం కాదు నాకు కలిగింది. అద్దానికి నుదురు ఆనించి మళ్లీ చూశాను.

అది ఉరితాడు కాదు. చుట్టకుదురు! బరువు కింద నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట. దాని కొస పెట్టుకున్నవాడి ఎడంపక్కకి వేలాడుతోంది. అలా కట్టే చెయ్యి నాకు తెలుసు. ఎడం చెవి మీద పుండు ఉన్నవాడికి, అది ఒరుసుకోకుండా, పాత తెల్లచీర మెలిపెట్టి కొస వదిలి కట్టే చెయ్యి. తులసమ్మ చెయ్యి.

గుహ చీకట్లో నల్లటి మొహం కలిసిపోయింది. నల్లటి చేతులు, కాళ్లు కలిసిపోయాయి. తెల్లగుడ్డ ఒక్కటే పలకకి అంటింది. కొండ ఎంత ఎత్తో తెలియడానికి పక్కన నిలబెట్టిన మనిషి అది. మా అక్క కొడుకు, తులసమ్మ మొగుడు అచ్చయ్య.

కొండలెక్కడానికి గట్టివాడు కావాలని దొర అడిగితే వాణ్ణి తీసుకెళ్లి నిలబెట్టింది నేనే. ఆరు నెలల తర్వాత దొర ఒక్కడే తిరిగొచ్చాడు. తెలుగు కూలీ ఎవడైనా వాళ్లకి కొరంగీయే; కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు — "నీ కొరంగీ మార్సేల్స్‌లో ఓడ దిగిన రోజే పారిపోయాడు."

నమ్మాను! అచ్చయ్య పేరు మీద ఉమ్మేశాను. పోయి తులసమ్మకి చెప్పాను. తెల్లదాన్ని ఉంచుకున్నాడట అని సూరమ్మ కుళాయి దగ్గర కథలల్లింది. ఆ పిల్ల తల దించుకుని నీళ్లు పట్టుకుంది. థూ, నా బతుకు!

షాపు గుమస్తాని అడిగితే పటం కింద ఉన్న తారీఖు చదివాడు. ఓడల రాకపోకలు మా జెట్టీవాళ్లకి తెలుసు: దొర ఓడ దిగి, అచ్చయ్య పారిపోయాడన్న రోజుకి అది పదమూడో రోజు.

ఆ రాత్రి దండాసి భుజం పట్టుకున్నాను.

"ఒరే, ఆ మూడుకాళ్ల పెట్టె, పరుపు, గుడారం, సీసాలు... రంగంలో తన టోపీ కూడా తాను మోసుకోడు ఆ దొర. కొండ మీదకి సామాను ఎవడు మోశాడ్రా?"

దండాసి నా చెయ్యి విడిపించుకోబోయాడు. నేను వదల్లేదు.

"వెనక అడుగులు. బరువుతో ఎక్కేవాడి ఊపిరి. తెల్లారకుండానే నిప్పు, వేణ్నీళ్లు. ఇది దెయ్యం పనా? మన పనా?"

"నానడగనేదు మావా..."

"నువ్వెలా అడుగుతావు? నువ్వూ కుర్చీ ఎనకాలే నిలబడ్డావు. ఆలకి నువ్వు మాత్రం కనిపించావేటి?"

దండాసి గోడకి జారబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు —

"మావా... ఇంకో మాటుంది. ఎవులికీ సెప్పనేదు. ఆ దొర ఇప్పుడు క్లబ్బులో గోడకి ఈపానించే కూసుంటాడు. ఎనకాల మమ్మల్ని నిలబడనివ్వడు. ఆలింట్లో వంటమనిషి సెప్పినాడు... పొద్దున్నే ఎవులూ ఎలిగించకండానే పొయ్యి మీద నీళ్లు కాగిపోయుంటన్నాయట."

మా ఇద్దరికీ మధ్య దీపం సన్నగా ఊగింది. ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం. ఎవరూ లేరు.

నేను దొర బంగళాకి వెళ్లాను. మెట్ల కిందే నిలబెట్టారు. తారీఖు చెప్పాను. చుట్టకుదురు చెప్పాను.

"పారిపోయాడని చెప్పానుగా. ఆ పటంలో ఉన్నది దెయ్యం" అన్నాడు. అంటూ అంటూ భుజం మీదుగా వెనక్కి చూశాడు. రెండుసార్లు. తలుపు వేసుకున్నాడు. సన్నగా చెమట కంపు మిగిలింది, నా ముక్కు ముందు.

చివరికి తులసమ్మని తీసుకెళ్లాను. గుంపు పక్కకి తప్పుకుంది. ఆమె ఏడవలేదు. అద్దం మీద, ఆ తెల్లచుట్ట ఉన్న చోట, చెయ్యి పెట్టింది. గాజులు అద్దానికి తగిలి గలగలమన్నాయి.

"కొస ఎడంపక్కకే ఒగ్గేను మావా" అంది. "బొమ్మ తీసినప్పుడికి బతికే ఉన్నాడేటి?"

ఆమే అంది, గుసగుసగా —

"పారిపోనాడన్న మాటే నిజమవ్వాలని మొక్కుకుంటన్నాను మావా. తెల్లదాన్నే ఉంచుకోనీ."

శవం లేదు. చూసినవాడు లేడు. ఒక కేక ఉంది, అదీ దొర నోటి మాటే. రోజూ పొద్దున్న ఆమె నుదుట బొట్టు పెట్టుకోబోయి ఆగుతుంది. నా వైపు చూస్తుంది. నేను తల తిప్పుకుంటున్నాను.

నేను ఒకసారి నమ్మి చెడినవాణ్ణి. నా కంటి మీద నాకే నమ్మకం లేదు. మీరు అద్దానికి ముక్కు ఆనించి మరీ చూశారు కదా. అయితే మీరే చెప్పండి, ఆ పిల్ల చేతి గాజులు ఉంచుకోవాలా, పగలగొట్టుకోవాలా?