వరుడి అభ్యంతరం

రూత్ మొదటిసారి చూసినప్పుడు జోయల్ మనిషిలా లేడు. తల మీద దూది, కనుబొమల మీద దూది, చెవుల్లో కూడా దూదే. ఆదోని జిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగి, ఒళ్ళు దులుపుకోకుండానే ఎమ్మిగనూరు బస్సెక్కి, సరిగ్గా మా ముందు సీట్లో కూలబడ్డాడు.

రూత్, నేను ఎమ్మిగనూరులో ఒకే టైలరింగ్ షాపులో పనిచేసేవాళ్ళం. ఆ రోజు ఎవరిదో జాకెట్టు కోసం ఆదోనిలో నల్ల పట్టుగుడ్డ కొని ఇంటికి వెళ్తున్నాం. గుడ్డ రూత్ ఒళ్ళో ఉంది. బస్సు కదిలింది, కిటికీలోంచి గాలి వచ్చింది, దూదంతా లేచి నల్లగుడ్డ మీద వాలింది.

"అన్నా, కొంచెం ఆ కిటికీ మూస్తావా?"

"ఏంటికి? గాలి బాగుండాది కదా."

"గాలి బాగుండాది. గాలితో పాటు నువ్వూ వస్తాండావు."

అతను వెనక్కి తిరిగి గుడ్డను చూశాడు. తర్వాత రూత్‌ను చూశాడు. రెండోది ఎక్కువసేపు చూశాడని నేను గట్టిగా చెప్పగలను. పక్కనే ఉన్నాను మరి.

"సారీ. ఇట్లియ్యి, ఏరేస్తా."

"నువ్వు ముట్టుకుంటే ఇంకా అంటుతాది. మనిషివా, పత్తి బేలువా?"

"జోయల్."

"నేనడగలే."

"అన్నా అంటివి కదా. దాని కన్నా పేరు మేలని చెప్తాండా."

మా ఊరి స్టాపు వచ్చేదాకా రూత్ దూది ఏరుతూనే ఉంది. తిట్టుకుంటూ ఏరింది, నవ్వు ఆపుకుంటూ కూడా ఏరింది.

ఆదివారం మా ఊరి చర్చిలో మగవాళ్ళ చాపల మీద ఒక కొత్త తెల్లచొక్కా కనిపించింది. అతను తలస్నానం చేసి వచ్చేసరికి నేను గుర్తుపట్టలేదు గానీ రూత్ గుర్తుపట్టింది. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నిలదీసింది.

"ఆదోనిలో చర్చిలు లేవా మీకు?"

"ఉండాయి. ఆడ పాటలు మరీ నెమ్మదిగా పాడతారు."

"నువ్వు పాడేది వింటిలే. నువ్వు నెమ్మదిగా పాడితేనే మాకు మేలు."

అలా మొదలైంది. ఆ యేడు పత్తి విరగకాసింది. మార్కెట్ యార్డు దగ్గర బండ్లు దారి ఇచ్చేవి కావు, మిల్లు రాత్రీ పగలూ నడిచేది. జోయల్ ప్రతి ఆదివారం వచ్చేవాడు. చివరికి వాళ్ళమ్మ సిద్దమ్మ వచ్చి పిల్లనడిగింది. రూత్ నాయన యేసేపు మామ ఆలోచిస్తానని బెట్టు చేసి, టీ చల్లారకముందే ఒప్పుకున్నాడు. వచ్చే యేడు పంట చేతికొచ్చాక పెళ్ళి అనుకున్నారు. ఎంత మంచి రోజులో అవి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే కళ్ళు తడుస్తాయి.

వచ్చే యేడు వాన రాలేదు.

విత్తిన పత్తి మోకాలెత్తు రాకుండానే మాడిపోయింది. యార్డుకు సరుకు రాలేదు, మిల్లు మూతపడింది. మా ఊళ్ళో జనం సుగ్గికి సిద్ధమయ్యారు. ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీల్లో పోవడాన్ని మేము సుగ్గి అంటాం. అందరూ వెళ్ళేలోపే పెళ్ళి జరిపించాలని యేసేపు మామ మూడు వారాలు దాటాక వచ్చే గురువారానికి ముహూర్తం పెట్టించాడు. ఆ మరునాడు, శుక్రవారం పొద్దున లారీ.

మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి అంటారు. మా చర్చిలో ఎవరూ ఎప్పుడూ చెప్పింది లేదు. పాస్టరు అయ్యగారు ఒక్క ఊపిరి పీల్చుకునేంత ఆగి, పాట నంబరు చెప్పేసేవారు.

రెండో ప్రకటన అయిన రోజు చర్చి గోడ పక్కన వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. కాపలా నేనే.

"ఆదోనిలో రూము చూసింటి. వద్దని చెప్పొచ్చినా," అన్నాడు జోయల్.

"సరే."

"సరే ఏంది? పెళ్ళైనాక యాడుంటావు?"

"మా నాయనోళ్ళతో సుగ్గికి పోతా. నువ్వూ రా."

"పెళ్ళైన మరుదినమే నిన్ను మిరప చేన్లో వంగోబెట్టేదా? వాన లేదు, పంట లేదు, పని లేదు. అన్నీ ఒకేసారి మూసినాడంటే, ఈ పెళ్ళి దేవుడే వద్దంటాండాడేమో రూతూ."

"ఆయన వద్దంటే నాకూ చెప్పేవాడు," అని రూత్ విసురుగా వెళ్ళిపోయింది. ఆ వారమంతా షాపులో కుట్టిందే విప్పి మళ్ళీ కుట్టింది.

మూడో ఆదివారం అయ్యగారు ప్రకటన చదివారు. అభ్యంతరం సంగతి అడిగి, ఊపిరి పీల్చుకుని, పాటల పుస్తకం తిప్పబోయారు.

"నాకుండాది అయ్యగారూ."

అందరం తిరిగి చూశాం. లేచి నిలబడింది పెళ్ళికొడుకే.

అయ్యగారికి ఏం చేయాలో తెలియలేదు. "అభ్యంతరం వేరేవాళ్ళు చెప్పేది నాయనా," అన్నారు మెల్లగా.

"వేరేవాళ్ళు చెప్పరు, నేనే చెప్తాండా. ఆయమ్మికి నేను ఒకపూట అన్నం కూడా పెట్టలేను. దేవుడే దారులు మూసినాడు. ఆయన మాట మీరి ఆ పిల్లను కష్టపెట్టలేను."

ప్రేమ లేక చెప్పిన మాట కాదని చర్చిలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ తిట్టలేకపోయారు. యేసేపు మామ తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. సిద్దమ్మ కొడుకు వైపు చూడకుండా నేల చూస్తూ కూర్చుంది.

పక్కన కూర్చున్న రూత్ చెయ్యి నా చేతిలో ఉంది. మెల్లగా వెనక్కి తీసుకుంది. సాక్ష్యం చెప్పడానికి తప్ప మా చర్చిలో ఆడపిల్ల లేచి మాట్లాడదు. రూత్ కొంగు తల మీదికి లాక్కుని లేచింది. మా వైపు కాబోయే మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు.

"ఇదో," అంది. "వాన హొళగుందలో పడలే. తుగ్గలిలోనూ పడలే. మన పెళ్ళి ఆపేదానికి ఆయన అన్ని ఊర్లూ ఎండబెట్టినాడా?"

ఎక్కడో ఒకరు నవ్వి ఆపుకున్నారు. రూత్ నవ్వలేదు.

"మా నాయన యేటా ప్రార్థన చేసి విత్తనం చల్తాడు. ముందు వాన మొగులు చూపించు, తర్వాత చల్తానని ఒక్కనాడూ అనలే. పండినా చల్లినాడు, ఎండినా చల్లినాడు. వాన ఎందుకు ఆపినాడో నాకూ తెలీదు. తెలీదని ఆయన్ని వదిలేస్తామా?"

ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"నాకు అన్నం పెట్టేది నువ్వని ఎవరు చెప్పినారు? పెట్టేవాడు పైనుండాడు. నువ్వు నా పక్కన కూసోని తినేవాడివి. అంతే."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"జోయల్, నీ అభ్యంతరం ఇంకా ఉందా?"

జోయల్ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"లేదయ్యగారూ."

యేసేపు మామ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "పాట నంబరు చెప్పండి సామీ," అన్నాడు.

గురువారం పెళ్ళి జరిగింది. ఎవరింట్లో ఉన్న జొన్నలు వాళ్ళు తెచ్చారు, రొట్టెలూ పప్పూ వండుకుని తిన్నాం. వాన మాత్రం పడలేదు. ఆ యేడంతా పడలేదు. ఇప్పుడు మిల్లు నడుస్తోంది, జోయల్ మళ్ళీ దూదితో ఇంటికొస్తాడు, రూత్ వాకిట్లోనే ఆపి దులుపుతుంది. నాకు మాత్రం వాళ్ళను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ శుక్రవారం లారీనే.

మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. రూత్ చేతి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. ఎమ్మిగనూరు దాటాక జోయల్ మెల్లగా అడిగాడు.

"అంత మందిలో లేచి మాట్లాడితివే. భయం కాలేదా?"

"అయ్యింది."

"మరి దేవుని మీద అంత నమ్మకమని చెప్పినావే?"

"ఆయన మీద ఉండె," అంది రూత్. "నీ మీదనే కొంచెం తక్కువుండె."

లారీలో అందరికంటే గట్టిగా నవ్వింది యేసేపు మామ. జోయల్ సిగ్గుపడి, మూటను పక్కకు జరిపి, ఆమెకు ఆనుకుని కూర్చున్నాడు.