నాబ్ వదిలితే రాడార్ గుడ్డిది

గూఢచారికి జీపు ఇస్తే ఎక్కడికి వెళ్లాడో లాగ్‌బుక్కులో రాయాలి. రాస్తే రహస్యం బయటపడుతుంది. అందుకని డిపార్ట్‌మెంటు జీపులివ్వడమే మానేసింది. మండే మే నెలలో, కూలర్ మెకానిక్ వేషంలో, ఏజెంట్ తిరుమలేష్ ఢిల్లీ బ్లూలైన్ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ దేశాన్ని కాపాడటానికి బయల్దేరాడు.

పొద్దున చీఫ్ అనంతరామయ్య బ్రీఫింగ్ ఇచ్చాడు.

"పాలం అవతల రాడార్‌కి కరెంటిచ్చే జనరేటర్లు రెండూ ఒకే లైనుకి కలిపి ఉంటాయి. విదేశీ ముఠా వాటిలో చిప్ పెట్టించింది. ఒకటి ఊగితే దాన్ని చూసి రెండోది ఊగుతోంది. ప్యూర్ కేయాస్! రెండూ ట్రిప్పయ్యాయా, వాళ్ల విమానం బోర్డర్ దాటేస్తుంది."

"జనరేటర్లు బంద్ చేస్తే అయిపాయె గద సార్?"

"రాడార్ కూడా బందవుతుందయ్యా!"

గేటు దగ్గర సెంట్రీ వేషాన్ని పూర్తిగా నమ్మాడు. "భయ్యా, మేరా కూలర్ భీ దేఖ్ లేనా," అని తన కూలర్ కూడా చూడమన్నాడు.

జనరేటర్ గదిలో నల్లకళ్లద్దాల ఇంద్రాణి నిలబడి ఉంది. డబుల్ ఏజెంటు. రెండు దేశాల దగ్గరా క్యాజువల్ లీవులు వాడుకునే మనిషి.

"కూలర్‌లో గడ్డి మార్చాలా?" అంది కోడ్ ప్రకారం.

"పంపే పోయింది," అన్నాడు తిరుమలేష్.

"చిప్ పెట్టింది నేనే. తర్వాత మనసు మారింది."

"మరి తీసెయ్యున్రి మేడం!"

"తీస్తే రెండూ ఒకేసారి ట్రిప్పవుతాయి."

తిరుమలేష్ టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలోంచి, ఊగుడు ఆపడానికి చీఫ్ ఇచ్చిన నాబ్ ఉన్న చిన్న పెట్టె తీసి లైనుకి తగిలించాడు. మీటర్ల ముళ్లు పిచ్చెక్కినట్టు కొట్టుకుంటున్నాయి. ఇంట్లో టీవీలో బొమ్మ రాకపోతే నెత్తిన ఒకటిచ్చే అలవాటుకొద్దీ, పెట్టె మీద కూడా ఒకటిచ్చి నాబ్ గిర్రున తిప్పాడు. లైట్లు మినుకుమన్నాయి.

"అబ్బే! మిక్సీ అనుకున్నారా? ముల్లు తిరిగి తిరిగి మధ్య గీత దగ్గరికి దానంతటదే వస్తుంది. అప్పుడు వెంట్రుకవాసి తిప్పండి, చాలు," అంది ఇంద్రాణి.

గోడమీద స్పీకర్ అరిచింది: "విమానం బోర్డర్ మీదికొచ్చేసింది!"

ముల్లు మధ్యకొచ్చింది. తిరుమలేష్ ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి తిప్పాడు. మళ్లీ జారబోయింది. మళ్లీ తిప్పాడు. రెండు ముళ్లూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు కలిసి నడిచాయి. రాడార్ కళ్లు తెరిచింది. విమానం తోక ముడిచింది.

"బచాయించినం!" అని చెయ్యి తీశాడు. ముళ్లు మళ్లీ గంతులేశాయి. గబుక్కున పట్టుకున్నాడు.

"కంట్రోల్ చేశారంతే. నయం చెయ్యలేదు," అంది ఇంద్రాణి.

"జరసేపు మీరు పట్టుకోన్రి."

"పట్టుకుంటే నేను ఎవరి వైపో తేలిపోదూ?" అని వెళ్లిపోయింది.

ఎడమ చేత్తో చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"రిలీవర్ని పంపుతానయ్యా. ముందు నువ్వు సెక్షన్‌కొచ్చి చార్జ్ అప్పగించినట్టు సంతకం పెట్టిపో."

అయ్యలారా, అమ్మలారా, మీలో సర్కారు కొలువు చేసినవాళ్లు చాలామంది ఉంటారు. ఇక్కడ చెయ్యి తియ్యకుండా అక్కడ సంతకం పెట్టే ఉపాయం ఉంటే దయచేసి చెప్పండి. త్వరగా చెప్పండి, పాపం వాడికి ఇందాకట్నుంచీ తుమ్ము వచ్చేలా ఉంది.