మూడో డబ్బా

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, అమ్మా నేనూ. మధ్యాహ్నం పన్నెండింటికి వంటగది గోడలోని బీరువా టక్కుమంటుంది. తలుపు తీస్తే రెండు డబ్బాల భోజనం. పైసా అడగదు. ఇంట్లో ఊపిరి పీల్చే వాళ్లని లెక్కపెట్టి, ఎందరుంటే అందరికీ పంపుతుంది. ఎక్కువొస్తే గంటలోపు మళ్లీ లోపల పెట్టెయ్యాలి. ఉంచుకున్నామా, ఆ మనిషి మన ఇంట్లో ఉన్నట్టు ఒప్పుకున్నట్టే.

సోమవారం మూడు డబ్బాలొచ్చాయి. మూడోది మా రెండింటికన్నా పెద్దది.

"పెట్టెయ్యమ్మా," అన్నాను.

"ఇంటికొచ్చిన తిండిని వెనక్కి పంపుతారటే? క్యూలో నిలబడి కాళ్లు వాచినదాన్ని. ఆకలంటే నీకేం తెలుసు?"

"కరువు పోయి పదేళ్లయింది. నీ బుర్రలోంచే పోలేదు!"

"ఆ వాదనలు కాలేజీలో చేసుకో, నా దగ్గర కాదు." డబ్బా తీసుకెళ్లి తన మంచం కింద దాచింది.

సాయంత్రానికి అది ఖాళీ. నాకినట్టు శుభ్రంగా ఉంది.

"నువ్వు తిన్నావా?"

"నువ్వేననుకున్నానే..."

మర్నాడూ మూడే. ఆ మర్నాడూ మూడే. ఎంత పోట్లాడినా అమ్మ వెనక్కి పెట్టనివ్వలేదు. అమ్మ గదిలో కిరసనాయిలు వాసన మొదలైంది. మూసిన తలుపు వెనక, నెమ్మదిగా నమిలే చప్పుడు. ఆ సమయానికి అమ్మ నా పక్కనే ఉంది.

గురువారం రెండే వచ్చాయి.

"హమ్మయ్య, పీడ వదిలింది!" అంటూ అందుకున్నాను. ఒకటి నాది. రెండోది... ఆ పెద్ద డబ్బా. మూత మీద మాత్రల పొట్లం అంటించి వచ్చే అమ్మ డబ్బా రాలేదు.

బీరువా మర్యాదగా పలికింది. "ఇంట్లో ఒకరు ఎక్కువ. గంటలోపు వెనక్కి పంపగలరు."

అమ్మ ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాను.

"ఊపిరి తియ్యమ్మా."

"తీస్తూనే ఉన్నానే, పిచ్చిదానా."

అరచేతికి గాలి తగల్లేదు.

"ఇంకోసారి... గట్టిగా..."

తగల్లేదు. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల చీకటి. గుప్పున కిరసనాయిలు. అమ్మ అడుగు అటు పడింది... నేను కుడిచెయ్యి పట్టి లాగాను. రాలేదు. అమ్మ ఎడమచేతిని లోపలినుంచి ఎవరో పట్టుకున్నారు.

"వదలకే..." గుసగుసగా అంది అమ్మ.

వంగి చూశాను. పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకా కనిపించింది. నేను పుట్టకముందు కిరసనాయిలు స్టవ్ మంటకి అమ్మ చెయ్యి కాలిన మచ్చ, అదే చోట, ఆ చేతి మీదా ఉంది.

కాకపోతే అది ఇంకా పచ్చిగా, పొగలు కక్కుతోంది.