పెన్న వంతెన ఏడో స్తంభం

"మీ టీములో ఒకరు అమ్ముడుపోయారు," అన్నాడు చీఫ్.

నెల్లూరు స్టేషను ఫస్ట్‌క్లాస్ వెయిటింగ్ రూములో ఆయనా మగ్దలీనమ్మా తప్ప ఎవరూ లేరు. అది 1965 సెప్టెంబరు, మంగళవారం. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది.

మగ్దలీనమ్మకు యాభై రెండేళ్లు. తెల్లచీర, నల్లగొడుగు, గుడ్డసంచిలో సువార్త పుస్తకాలు. ఊరూరా తిరిగి వాక్యం చదివి వినిపించే బైబిలమ్మ అనుకుంటారు చూసినవాళ్లు. ఆమె సీక్రెట్ సర్వీసు ఏజెంట్ నైన్టీన్ అని తెలిసినవాళ్లు ఈ జిల్లాలో నలుగురైదుగురే. గొడుగు పిడిలో చిన్న టెలిస్కోపు ఉంది. సంచి అడుగున పిస్తోలు ఉంది. దాన్ని ఆమె ఇంతవరకూ ఒక్కసారీ పేల్చలేదు.

"ఎవరండీ?"

"తెలిస్తే నేనెందుకు వస్తాను? మన కోడ్‌లన్నీ వాల్డెన్ చేతికి పోయాయి."

వాల్డెన్ దొర స్టార్‌లైట్ మైకా కంపెనీ యజమాని. అభ్రకం గనులకని లైసెన్సు మీద తెప్పించే డైనమైటులో సగం ఏ గనికీ చేరడం లేదు. అతను ఏ దేశానికి పనిచేస్తున్నాడో ఫైలులో మూడు చోట్ల మూడు రకాలుగా రాసి ఉంది.

"శుక్రవారం పొద్దున పదకొండు నలభైకి ఆర్మీ స్పెషల్ నెల్లూరు దాటుతుంది. ఆరొందల మంది జవాన్లు. వాల్డెన్ దాన్ని పేల్చబోతున్నాడు. ఎక్కడో తెలీదు. గూడూరుకీ కావలికీ మధ్య ఎక్కడైనా కావచ్చు."

"నన్నేం చేయమంటారు?"

"టీముని విడదీయి. ఒకరి మొహం ఒకరు చూడకూడదు. ఎవర్నీ నమ్మకు. దిసీజ్ యాన్ ఆర్డర్."

మద్రాసు రైలు వచ్చింది. చీఫ్ వెనక్కి చూడకుండా ఎక్కేశాడు. మగ్దలీనమ్మ మాత్రం గార్డు పెట్టె కనుమరుగయ్యేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడింది. అది ఆమెకు ఏనాటి అలవాటో. ఆ ప్లాట్‌ఫారం మీదనుంచి ఆమె సాగనంపిన ఏజెంట్లు ఐదుగురు. తిరిగొచ్చినవాళ్లు లేరు.

అదే సాయంత్రం ఆమె ఆర్డరు మీరింది. మూలాపేటలోని తన ఒంటిగది ఇంటికి టీమునంతా పిలిచింది.

హెబ్రోను ముందుగా వచ్చాడు. చర్చిలవెంట తిరిగి హార్మోనియంలు బాగుచేసే మెకానిక్కు వేషం. అతని హార్మోనియంలో రీడ్లకు బదులు వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. తర్వాత పులికాటు పడవవాడు మునెయ్య వచ్చాడు. చివరికి కమ్మటి సెంటువాసన ముందు నడవగా ఎలిశబెతు వచ్చింది. జార్జెట్ చీర, నల్ల గాగుల్స్, చేతిలో వెండి పౌడరు డబ్బా. వాల్డెన్ ఆఫీసులో స్టెనో. అక్కడి రహస్యాలు ఇక్కడికి తెచ్చే డబుల్ ఏజెంటు.

"ఏందక్కా ఇది? మనం ఒకచోట కూడకూడదని రూలు గదా," అన్నాడు హెబ్రోను.

"రూలు రాసినోళ్లు మద్రాసులో ఉండారు. మనం ఈడ ఉండాం. ముందు కూచోండి, అన్నం తినండి."

ఒకే చాప మీద నలుగురూ కూర్చున్నారు. అన్నాలయ్యాక ఆమె చీఫ్ చెప్పింది చెప్పినట్టు చెప్పేసింది. మునెయ్య హెబ్రోను వైపు చూశాడు. హెబ్రోను ఎలిశబెతు వైపు చూశాడు. ఎలిశబెతు గాగుల్స్ తీయలేదు.

"ఎవరని నేను అడగను," అంది మగ్దలీనమ్మ. "చీకట్లో నడిచేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు గానీ ఇదిలించుకుంటారా? మా గృహ కూడికల్లో ఒక పద్ధతుంది. ఎవరి భారం వాళ్లు చెప్పుకుంటారు, మిగతావాళ్లు దానికోసరం ప్రార్థన చేస్తారు. ముందు నాది చెప్తా. మీ అసలు పేర్లన్నా తెలీకుండా మిమ్మల్ని పూడ్చిపెట్టాల్సి వస్తాదేమోనని నా భయం."

తర్వాత మునెయ్య అందుకున్నాడు. "గంగలో, నడి సముద్రంలో తుఫానొచ్చినా నాకు బెదురు లేదు. ఈ పనిలో మాత్రం రోజూ భయంగానే ఉండాది. నేనైతే మా గంగమ్మకే చెప్పుకుంటా, ఏమనుకోబాకండి."

"చెప్పుకో సామీ. మాది మేం చెప్పుకుంటాం, యాడోచాట ఒకరన్నా వినకపోతారా," అన్నాడు హెబ్రోను. అందరూ నవ్వారు. తర్వాత అతను తన మాట చెప్పాడు. "మా ఇంటామె కావలిలో ఉండాది. నెలలు నిండినాయి. నేను నిజంగానే హార్మోనియంలు బాగుచేస్తా ఉండానని అనుకుంటా ఉండాది పిచ్చిది."

ఎలిశబెతు వంతు వచ్చింది. "నాకేం లేవు," అంది. మళ్లీ తనే, "ఒక తమ్ముడుండాడు. క్రీస్తురాజు. వాల్డెన్ దొర ఓడలో పని. ఐదు నెలలైంది జాబు రాసి," అంది.

నలుగురూ కళ్లు మూసుకున్నారు. హెబ్రోను ప్రార్థన ఎత్తుకున్నాడు.

ఇక్కడే పొరపాటు జరిగింది. ఆ జనం తప్ప మరొకరు చేయలేని పొరపాటు. కూడికల్లో పెరిగినవాళ్లు దేవుడికి ఏదీ దాచరు. తేదీతో, టైముతో, అడ్రసుతో సహా విన్నవించుకుంటారు. హెబ్రోను కూడా అలాగే, "ప్రభువా, రేపు పొద్దున ఏడింటికి కృష్ణపట్నం లైటుహౌసు ఎనక సరుగుడు తోపులో మిషను పెట్టుకోని కూచుంటా. నీ రెక్కల చాటున దాయి తండ్రీ," అని గొంతెత్తి వేడుకున్నాడు.

ఆపుదామని మగ్దలీనమ్మ కళ్లు తెరిచేసరికే ఆమెన్ అనేశాడు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి హెబ్రోను శవం ఆ తోపులోనే దొరికింది. వెన్నులో ఒకే గుండు. హార్మోనియం లేదు, కోడ్ పుస్తకం లేదు.

ఆ ప్రార్థన విన్నది దేవుడు కాక ముగ్గురు. రాత్రంతా మునెయ్య మగ్దలీనమ్మ అరుగు మీదే పడుకుని ఉన్నాడు. ఇంక వెతకాల్సిన పని లేదు.

"నేను చంపేస్తా ఆ అమ్మిని," అన్నాడు మునెయ్య.

చీఫ్ చెప్పినట్టు విని ఉంటే హెబ్రోను బతికి ఉండేవాడు. ఈ లెక్క మగ్దలీనమ్మ ఎన్నిసార్లు వేసుకున్నా అలాగే తేలుతోంది. చేతులు కలిపింది తనే. ఆ చేతుల్లోంచే ప్రాణం పోయింది. అయినా ఇప్పుడు ఎలిశబెతును కూడా వదిలేసుకుంటే, శుక్రవారం గురించి చెప్పగల మనిషి భూమ్మీద ఇంకొకరు లేరు.

ఆమె గొడుగు తీసుకుని ట్రంకురోడ్డు మీద ఎలిశబెతు ఉండే మేడకు వెళ్లింది.

"హెబ్రోను పోయినాడమ్మా."

అద్దం ముందు కూర్చున్న ఎలిశబెతు తిరగలేదు. "ఎట్టా?"

"అది అడగను నేను రాలా. సాయంత్రం సమాధి చేస్తాం. పెళ్లానికి తెలపకూడదని డిపార్ట్‌మెంటు రూలు. మట్టెయ్యడానికి నేనూ మునెయ్యా తప్ప ఎవరూ లేరు. నువ్వు రావాల."

"నేనా? నేనెందుకక్కా?"

"వాడి పక్కన కూచోని కడసారి అన్నం తిన్నది మనమే గదా."

ఎలిశబెతు వచ్చింది. నల్ల గాగుల్స్‌తో, మునెయ్యకు ఎడంగా నిలబడింది. వంతు రాగానే వంగి మూడు పిడికిళ్ల మట్టి వేసింది. అప్పుడు మగ్దలీనమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. హెబ్రోను కోసం చేసింది, కావలిలో పుట్టబోయే బిడ్డ కోసం చేసింది. ఆ తర్వాత అదే గొంతుతో, "ఓడలో ఉండే మా క్రీస్తురాజును కూడా జ్ఞాపకం చేసుకో తండ్రీ. అక్క కండ్లు కాయలు కాచినాయి," అంది.

"ఆపక్కా," అంది ఎలిశబెతు.

గాగుల్స్ చేతిలోకి వచ్చాయి. రాత్రంతా నిద్రలేని కళ్లు బయటపడ్డాయి. "నేను చెప్పకపోతే వాణ్ని సముద్రంలో తోసేస్తామన్నారు. వాడు బతికుండాడో లేదో కూడా నాకు తెలీదు." గొంతు తగ్గించింది. "పెన్న వంతెన. నీళ్ల కింద ఒక్క స్తంభానికే డైనమైటు కట్టినారు. యే స్తంభానికో ఆ పొద్దు గానీ నాకు తెలీదు. నేను అవతల పడుగుపాడు గట్టు మీద దొర పక్కన ఉంటా. తెలిస్తే పౌడరు డబ్బా అద్దంతో ఎండ కొడతా. ఎన్నోదైతే అన్నిసార్లు."

"మరి తమ్ముడు?"

ఎలిశబెతు గాగుల్స్ పెట్టుకుని వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా మగ్దలీనమ్మ చూస్తూనే ఉంది.

ఆమె వెంటనే మద్రాసుకు అర్జెంటు టెలిగ్రాం కొట్టింది. గురువారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. *కోడ్ కాంప్రమైజ్డ్. మీ మెసేజ్ నమ్మలేం. ట్రెయిన్ ఆగదు. టీము రద్దు.*

"స్టేషన్ మాస్టరుకు చెప్తేనో?" అన్నాడు మునెయ్య.

"యుద్ధం రైలును బైబిలమ్మ మాట మీద ఆపుతారా? కూచోబెట్టి నా ఊరూ పేరూ అడిగేలోపల రైలొచ్చేస్తాది."

శుక్రవారం పదకొండుంబావు. సంగం ఆనకట్ట దాటి వచ్చిన కొత్తనీళ్లతో పెన్న ఎర్రగా పారుతోంది. వంతెన పైన రెండు కొసలా తుపాకులతో కాపలా ఉంది. కింద మాత్రం వల వేసుకునే మునెయ్య పడవను పట్టించుకున్నవాళ్లు లేరు. నెల్లూరు వైపు నుంచి ఒక్కో స్తంభం దగ్గరా మునెయ్య మునుగుతున్నాడు, ఖాళీ చేతులతో తేలుతున్నాడు. రెండు స్తంభాలు చూసేసరికి పది నిమిషాలు పోయాయి. ముందు ఇంకా ఎన్నో ఉన్నాయి.

పడవలో కూర్చున్న మగ్దలీనమ్మ గొడుగు పిడి ఊడదీసి కంటికి పెట్టుకుంది. అవతలి గట్టు మీద జీపు. జీపు పక్కన తెల్లటోపీతో వాల్డెన్, అతని కాళ్ల దగ్గర తీగలు తగిలించిన పెట్టె. పక్కనే ఎలిశబెతు పౌడరు అద్దుకుంటోంది.

తళుక్కుమంది. ఒకటి, రెండు... ఏడు. ఆగింది. మళ్లీ ఏడు.

"ఏడో స్తంభం!"

మునెయ్య తెడ్డు ఎత్తలేదు. "హెబ్రోన్ని చంపించిందామే గదక్కా."

"అవును."

"నమ్మమంటావా?"

"నమ్ముదాం."

"సరే, నమ్మినాం. ఏడోది ఎటునించి? ఆడనించా, ఈడనించా? టైము ఒకదానికే ఉండాది."

అది ఎవరూ అనుకోలేదు. ఎలిశబెతు ఉన్నది అవతలి గట్టున. ఎవరైనా తన ముందున్నదాన్నే ఒకటి అంటారు. దూరంగా నెల్లూరు స్టేషను వైపు ఇంజను కూత వినిపించింది.

మగ్దలీనమ్మ మళ్లీ టెలిస్కోపులో చూసింది. ఎలిశబెతు కళ్లకు గాగుల్స్ లేవు. చూపు వాల్డెన్ మీద లేదు, పెట్టె మీద లేదు. పడవ మీదే ఉంది.

"మననించే," అంది మగ్దలీనమ్మ. "చంపాలనుకునేవాళ్లు తామున్న కాడ నుంచి లెక్కేసుకుంటారు. ఆమె మనకు చెప్తా ఉంది. మనం యాడుండామో ఆడ నిలబడి లెక్కేసి ఉంటాది. తొయ్యి!"

పడవ ఏడో స్తంభాన్ని ఢీకొట్టేలోపే మునెయ్య నీళ్లలోకి దూకాడు. పైన పట్టాలు సన్నగా మూలగసాగాయి. స్తంభం వణికింది. ఇంజను పొగ వంతెన మీద పరుచుకుంది. నీళ్లలో బుడగలు తప్ప మునెయ్య లేడు. రైలు నెత్తిమీదికి వచ్చేసింది. అవతల వాల్డెన్ పెట్టె మీద వంగి పిడిని రెండు చేతులతో కిందికి నొక్కాడు.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కాడు. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి దాటిపోతున్నాయి. కిటికీల్లోంచి జవాన్లు ఎవరికో చేతులూపుతున్నారు. మునెయ్య తెగిన తీగ పళ్ల మధ్య పట్టుకుని తేలాడు.

వాల్డెన్ మెల్లగా ఎలిశబెతు వైపు తిరిగాడు. ఆమె పారిపోలేదు. అద్దం ఇంకా చేతిలోనే ఉంది. రైలు చప్పుడులో తుపాకీ శబ్దం వినిపించలేదు. ఆమె ఇసుకలో కూర్చున్నట్టుగా ఒరిగిపోవడం మాత్రం టెలిస్కోపులో కనిపించింది.

మగ్దలీనమ్మ మొదటిసారి పిస్తోలు పేల్చింది, ఆకాశంలోకి. తలలు తిప్పినవాళ్లకు గొడుగుతో జీపును చూపించింది. వంతెన కాపలావాళ్లు తుపాకులతో గట్టు దిగి జీపును చుట్టుముట్టారు. పడవ ఒడ్డుకు చేరేసరికి ఎలిశబెతు ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. పలకరించడానికి మాత్రం ఆలస్యమైపోయింది.

చీఫ్ సాయంత్రం కారులో వచ్చాడు. క్రీస్తురాజు సంగతి వాల్డెన్ కాగితాల్లో దొరికిందట. ఐదు నెలల కిందటే ఓడ మీదే చనిపోయాడు. మగ్దలీనమ్మ తలూపింది.

"రిపోర్టు రాయాలి," అన్నాడు చీఫ్ పెన్ను తీసి. "స్తంభం ఎలా కనిపెట్టారు? కోడ్ లేదు, వైర్‌లెస్ లేదు. ఏమని రాయమంటావు?"

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. చాప, అన్నం, ప్రార్థన, పిడికెడు మట్టి, అన్నీ చెప్పింది. చీఫ్ అంతా విని, ఫారం అటూ ఇటూ తిప్పి, చివరికి ఒక గడిలో *బై టెక్నికల్ మీన్స్* అని రాసి సంతకం చేశాడు.

కారు వెళ్లిపోయాక మునెయ్య తల తుడుచుకుంటూ అడిగాడు. "టెక్నికల్ మీన్సంటే ఏందక్కా?"

"మనుషులని రాయడానికి ఫారంలో గడి లేనప్పుడు రాసే మాట మునెయ్యా," అంది మగ్దలీనమ్మ.