గట్టయ్యను హాజరు పరచండి

1951 ఎండాకాలం. జనగామ స్టేషన్ ఎదుటి హోటల్లో కొండల్ చాయ్ తాగుతుండగా పుష్పలత వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కాజీపేట బండి పోయిందా?"

"ఇంజను మార్చిండ్రు."

కోడ్ సరిపోయింది.

కొండల్ పోలీసుల సీక్రెట్ ఏజెంట్. నెల్లికుదురులో రెండేళ్లు దర్జీ వేషంలో ఉండి, కమ్యూనిస్టు గెరిల్లా దళానికి అన్నం పెట్టే రైతు గట్టయ్యను పట్టించాడు. పుష్పలత అతని పై అధికారి కరుణాకర్ దగ్గర టైపిస్టు. అందగత్తె. రెండు పక్షాలకూ కబుర్లు మోస్తుందని కొండల్‌కు ఎప్పటినుంచో అనుమానం.

"కొండలన్నా, గట్టయ్యను గియ్యాల రెండింటికి భూపాలపల్లి అడవికి తోల్కపోతరు. పారిపోతుంటే కాల్చినమని రిపోర్టు నేనే టైపు చేసిన."

"గదేంది? డిటెన్షన్ల జర రోజులుంచి ఇడుస్తమని సారు నాకు మాటిచ్చిండు!"

"సారు మాట గిట్లుంటది." చేతిసంచిలోంచి కాగితం తీసింది. గట్టయ్య భార్య సారమ్మ వేసిన హేబియస్ కార్పస్ పిటిషన్ మీద హైకోర్టు ఉత్తర్వు. ఎల్లుండి ఖైదీని కోర్టులో హాజరు పరచాలి. "పొద్దుగాల్నే అందింది. రేపు అందినట్టు రాయమన్నడు."

కొండల్ ఆ ఉత్తర్వు తీసి జేబులో పెట్టుకున్నాడు. జ్వరంతో పడి ఉన్న పది రోజులూ తనకు గంజి పోసింది గట్టయ్య ఇల్లే.

రెండింటికి ఐదు నిమిషాలు. కోర్టు ఉత్తర్వులు అందజేసే అమీను వేషంలో, గట్టయ్యను ఎక్కించుకుని స్టేషన్ ముందునుంచి పోతున్న పోలీసు లారీకి కొండల్ అడ్డం నిలబడ్డాడు. అప్పుడే రైలు దిగిన జనం ఆగి చూస్తుంటే ఉత్తర్వును గొంతెత్తి చదివాడు.

"చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణమూ తీయరాదు. రాజ్యాంగం, ఇరవై ఒకటో అధికరణం!"

లారీ వెనక జీపులోంచి దిగిన కరుణాకర్ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. చుట్టూ రెండు వందల మంది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"నాకే ఎదురు తిరుగుతవా కొండల్? వీణ్ణి పట్టిచ్చింది నువ్వే గద!"

లారీలో కట్లతో కూర్చున్న గట్టయ్య తలెత్తాడు.

"నువ్వా? ఇంట్ల మనిషి లెక్క చూసుకున్నం గదరా!"

కొండల్ ఉత్తర్వును కరుణాకర్ చేతిలో పెట్టాడు. లారీ జైలుకు తిరిగింది.

మూడో రోజు హైకోర్టు గట్టయ్యను విడుదల చేసింది. ఆ సాయంత్రమే కొండల్ చేతికి తన డిటెన్షన్ ఆర్డర్ వచ్చింది. వివరాలు ప్రజాహితం దృష్ట్యా వెల్లడించలేమట. సమాచారం ఇచ్చింది మాత్రం పుష్పలతేనని జైలరు చెవిలో చెప్పాడు. ఉత్తర్వు బయటికి పోయిన నేరం తన మీదికి రాకముందే, దాన్ని దొంగిలించింది కొండలేనని ఆమె చెప్పేసింది.

"హైకోర్టుకు పోతవా?" అని అడిగాడు జైలరు.

కొండల్ నవ్వాడు. "పోత. గని, ఆర్డరొస్తే జనంల నిలబడి చదివేటోణ్ణి లోపలేసిండ్రు గద సారూ!"