దిగని మనిషి

చీకటి పడ్డాక నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఆ మూలకి పోవద్దని ఆ ఏడు నాంపల్లిలో చెప్పనివాళ్ళు లేరు.

ఆ మూలంటే పెద్ద ఝూలా ఉన్న మూల. బావిగోడ మీద మోటారుసైకిలు నడిపే ఆట దాటి, అద్దాల మహలు దాటి, స్టేషన్ వైపు గోడ దగ్గరికి పోతే ఉండేది. పగలు చూస్తే అదీ అన్ని ఝూలాల్లాంటిదే. పెద్ద ఇనప చక్రం, చుట్టూ రంగులు పూసిన తొట్లు, ఆగేటప్పుడు కీచుమనే చప్పుడు. కానీ పొద్దు వాలి, జనం పలచబడ్డ వేళ... ఒక తొట్టిలో ఒకాయన కూచుని ఉంటాడట.

నల్ల షేర్వాణీ. నెత్తిన టోపీ. మెడ కొంచెం పక్కకి వాలి ఉంటుంది.

చక్రం ఆగుతుంది. అందరూ దిగుతారు. ఆయన మాత్రం దిగడు... మళ్ళీ చక్రం తిరిగితే మళ్ళీ ఆయనే పైకి పోతుంటాడు.

ఎవరైనా పోయి టికెట్ ఏదని అడిగారా అంటే, అడిగినవాళ్ళు లేరు. దెయ్యాన్ని టికెట్ అడిగే గుండె ఈ ఊళ్ళో బస్సు కండక్టర్లకి తప్ప ఎవరికుంది?

ఈ మాటని ఆబిడ్స్ వెనక గల్లీలో ఉండే ప్రభావతి ఇంటికి మోసుకొచ్చింది జానకమ్మ. ఆవిడది గుంటూరు వైపు. తెలుగు ప్రాంతాలు కలిసి కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదే భర్త సర్కారు కొలువుతో పాటు వచ్చి, ప్రభావతి వాళ్ళ మేడమీద కిరాయికి దిగింది. ఏ వార్తయినా ముందు ఆవిడ చెవిన పడి, ఆ తరవాతే పత్రికలవాళ్ళకి చేరేది.

"నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్ ప్రభా," అంది మెట్లమీదనుంచే గొంతు తగ్గించి. "మా ఆడపడుచు కళ్ళారా చూసిందిట. నల్ల షేర్వాణీయేనట. మోచేతి దగ్గర నీలం గుడ్డ అతుకు కూడా ఉందిట!"

ప్రభావతి చెరుగుతున్న చేట చేతిలోనే ఆగిపోయింది.

ఆ అతుకు వేసింది తనే. భర్త ప్రహ్లాద్ సైకిలు మీంచి పడి షేర్వాణీ చింపుకొస్తే, నల్లగుడ్డ దొరక్క తన నీలం రవికలో ముక్క కోసి కుట్టింది. "బజార్ల నవ్వుతరే," అని ఆయన సణిగాడు. సణుగుతూనే తొడుక్కున్నాడు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా ఆయన. మూడేళ్ళ కిందట, చాదర్‌ఘాట్‌లో దోస్తును కలిసొస్తానని ఆ షేర్వాణీలోనే గడప దాటాడు. మళ్ళీ రాలేదు.

మూసీలో పడ్డాడన్నారు కొందరు. కాచిగూడలో రైలెక్కుతుంటే చూశామన్నారు కొందరు. ఠాణాలు, దవాఖానలు, దర్గాలు, జాతకాలు అన్నీ అయ్యాయి. శవమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

అత్త అనసూయమ్మ మాత్రం ఒక్క రాత్రి కూడా తప్పకుండా కొడుక్కి కంచం పెట్టేది. అన్నం వడ్డించి, పప్పు పోసి, మీద ఇంకో కంచం బోర్లించి గోడవారన ఉంచేది. "వాడు ఆకలితోటి వస్తే?" అనేది. తెల్లారి అది గల్లీలో ఆవుకి పోయేది.

వాడు వచ్చేదాకా కోడలు గడప దాటకూడదు. అదీ ఆవిడ నియమమే. హిమాయత్‌నగర్‌లో ఆడపిల్లల బడివాళ్ళు కుట్టుపని నేర్పడానికి రమ్మని ప్రభావతికి రెండుసార్లు కబురు పంపారు. "మొగడు ఏడున్నడో ఎర్క లేకుండ కొలువు చేస్తవా?" అని అత్త అడ్డం పడింది.

ఇక ఇరుగుపొరుగు సంగతి సరేసరి. ప్రభావతిని పేరంటానికి పిలవాలన్నా వెనకాడేవాళ్ళు, పిలవకుండా ఉండాలన్నా వెనకాడేవాళ్ళు. నుదుట బొట్టు ఉంచుకోవాలో తుడుచుకోవాలో తెలియని బతుకు పగవాళ్ళకి కూడా వద్దు. ఏదో ఒకటి తేలిపోతే చాలు దేవుడా అని ఆమె మొక్కని రోజు లేదు.

అందుకే, తొట్టిలో కూచున్నాయన మాట వినగానే ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. ప్రహ్లాద్‌కి నుమాయిష్ ఝూలా అంటే ప్రాణం. పైనుంచి జారిపోతాయని బూట్లు విప్పి ఆమె చేతికిచ్చి ఎక్కేవాడు. ఆమె కింద ఆ బూట్లు పట్టుకుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడేది. "నన్ను గుడ తీస్కపోరాదు?" అంటే, "వచ్చే యేడు" అనేవాడు. ఆ వచ్చే యేడు ఎన్నడూ రాలేదు. దెయ్యమై తిరిగితే మాత్రం... ఇంకెక్కడ తిరుగుతాడు?

జానకమ్మ గొంతు తగ్గించినా అనసూయమ్మ చెవులు తగ్గలేదు. ఆ సాయంత్రమే కోడలి పక్కన వచ్చి కూచుంది.

"జర పోయి చూసి రా బిడ్డా. వాడే అయితే..." అంటూ ఇనప తాళంచెవి ఒకటి తెచ్చి కోడలి కొంగున ముడివేసింది. "దయ్యానికి నీడ పడదంటరు. నీడ చూడు."

"శుక్రవారం జనానా రోజు," అంది మెట్ల మీదనుంచి జానకమ్మ. "ఆ వేళ నుమాయిష్‌లోకి మగపురుగుని రానివ్వరు. దుకాణాల్లో కూడా ఆడాళ్ళే. ఆ రోజు కూడా కనిపించాడంటే... ఇంక వాడు మనిషి కాదనేగా!"

ఆ మాటతో ప్రయాణం ఖాయమైంది.

శుక్రవారం దీపాలు పెట్టేవేళకి ఇద్దరూ లోపలికి వెళ్ళారు. గాజుల దుకాణాల దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం. బురఖాలు ఎత్తేసి నవ్వుతున్న ఆడవాళ్ళు, బజ్జీలు తింటున్న కాలేజీ పిల్లలు. ప్రభావతి దేన్నీ చూడలేదు. అద్దాల మహలు దాటేసరికి జనం పలచబడ్డారు. ఇంకాస్త ముందుకి పోతే — పుకారు మహిమ — పిల్లల్ని వెంటేసుకున్న ఇద్దరు ముగ్గురు తల్లులు తప్ప ఎవరూ లేరు.

ఝూలా తిరుగుతోంది.

పిల్లల తొట్టి ఒకటి పైకి పోయింది. దాని వెనక ఖాళీ తొట్టి. దాని వెనక...

"అమ్మో! రామ రామ రామ..." జానకమ్మ ప్రభావతి చెయ్యి పట్టుకుంది.

నల్ల షేర్వాణీ. టోపీ. పక్కకి వాలిన మెడ.

చక్రం ఆగింది. తల్లులూ పిల్లలూ దిగారు. ఆయన దిగలేదు.

"చూశాంగా, ఇంక పద," అంది జానకమ్మ ఆ చెయ్యి గుంజుతూ.

"నేను ఎక్కుత అక్కా."

"నీకు మతిపోయిందా?"

ప్రభావతి వంగి చెప్పులు విప్పి జానకమ్మ చేతిలో పెట్టింది. ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. అది ఆయన అలవాటు.

ఆ రోజు ఝూలా నడుపుతున్నది యజమాని భార్య అహల్య. గేరుకర్ర పట్టుకుని నిలబడ్డ గట్టి మనిషి. వచ్చినామె వంక ఒకసారి, జానకమ్మ వంక ఒకసారి చూసి, తొట్టి తలుపు తీసింది. ఆయన కూచున్న తొట్టికి సరిగ్గా ఎదురు తొట్టి అది.

చక్రం కదిలింది. ఆమె పైకి పోతే ఆయన కిందికి పోతున్నాడు. ఆయన పైకి వస్తే ఆమె కిందికి దిగుతోంది. ఎంత తిరిగినా ఇద్దరి మధ్యా అదే దూరం. చక్రం సగానికి వచ్చినప్పుడు మాత్రం ఇనప కమ్మీల మధ్యనుంచి ఎదురెదురుగా ఒక్క క్షణం కనిపించేవాడు. మొహం మీద టోపీ నీడ. మోచేతి దగ్గర... నీలం అతుకు.

ఆమె తొట్టి అంచుకి జరిగింది.

అప్పుడే కరెంటు పోయింది.

చక్రం కీచుమని ఆగింది. ఇద్దరూ సరిగ్గా ఎదురెదురుగా, నడిమిట్లో. కింద ఎక్కడో ఆడవాళ్ళు కేకలు వేశారు. తరవాత అదీ సద్దుమణిగింది. చలిగాలికి తొట్టి ఊగుతోంది. ఎదుట తొట్టి కూడా ఊగుతోంది. ఆ నల్లటి తల మెల్లగా ఇటూ... అటూ...

ప్రభావతి కొంగున తాళంచెవి వెతుక్కుంది.

"మీరేనా?"

ఎదుటి తొట్టి ఊగుతూనే ఉంది.

"గీ మూడేండ్లు ఏడున్నరు? అత్తమ్మ దినాం కంచం పెడుతున్నది... మీరు లేరంటే లేరని చెప్పున్రి. నేను భయపడ. చెప్పున్రి జర..."

అప్పుడు వినపడింది.

స్‌స్‌స్... స్‌స్‌స్...

ఎవరో పళ్ళ సందుల్లోంచి గుసగుసలాడుతున్నట్టు. ఆయన తొట్టిలోంచే. సన్నగా, ఆగకుండా. ఏం చెప్తున్నాడో తెలియడం లేదు. ఆమె కమ్మీ పట్టుకుని ముందుకి వంగింది. "ఏంది? ఏమంటున్నరు? గట్టిగ చెప్పున్రి!" అంది. ఏడుపు ముంచుకొచ్చింది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అలా ఏడవలేదు ఆమె.

దీపాలు భగ్గున వెలిగాయి. చక్రం కదిలింది.

తొట్టి కిందికి రాగానే ఆమె దూకినంత పని చేసింది. "ఆయనను దించు," అంది అహల్యతో. "గా తొట్టిల కూసున్నాయన. కిందికి దించు!"

అహల్య ఆమె మొహం చూసి పకపకా నవ్వింది. గేరుకర్ర తిప్పి ఆ తొట్టిని కిందికి తెచ్చి, పోయి ఆయన నెత్తిమీద టోపీ ఊడబీకింది.

టోపీ కింద మూతి బిగించి కట్టిన గోనెసంచి. లోపల ఇసక. కింద ఒక మూల చిరిగి, సన్నగా కారుతోంది... స్‌స్‌స్.

"మంది తక్కువున్నప్పుడు ఒక దిక్కే బరువైతే చక్రం గుంజుతదమ్మా. ఎదురుంగ ఇసక సంచులు పెడ్తం," అంది అహల్య. "ఉత్త సంచులు చూస్తే మంది ఎక్కరు. మనిషి కూసున్నట్టుంటే ధైర్యం జేసి ఎక్కుతరని మా ఆయన గిట్ల ఏషం కట్టిండు. ఇయ్యాల జనానా రోజన్న సోయి మా ఇద్దరికీ లేకపాయె. చీర కట్టాల్సింది!"

జానకమ్మకి ప్రాణం లేచొచ్చింది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నెలరోజులుగా ఊరంతా హడలి చస్తోంది కదమ్మా!" అని అక్కడే కూలబడి నవ్వసాగింది, చేతిలో చెప్పులతో సహా.

ప్రభావతి నవ్వలేదు. షేర్వాణీ మోచెయ్యి పట్టుకుని చూస్తోంది. నీలం గుడ్డ. తన కుట్టే.

"ఇది మీకు ఏడిది?"

"అదా? నుమాయిష్ మొదలైన కొత్తల ఒకాయన ఇడిచిపోయిండు. పెండ్లాన్ని, చంటిపిల్లను తీస్కొని రైల్ల నుమాయిష్ చూడనీకి వచ్చిండంట. పైకి పోంగనే పిల్ల ఆయన మీదనే కక్కింది. దిగినంక ఆమె ఒకటే లొల్లి, ఇప్పి పారేయమని. ఆయన నవ్వుకుంట ఇప్పి ఈడనే పడేసిండు. నేనే పిండి ఆరేసిన." అహల్యకి మళ్ళీ నవ్వొచ్చింది. "ఇచ్చంత్రం మనిషి. ఎక్కేముందు బూట్లిప్పి నా చేతికిచ్చిండు, జర పట్టుకో అమ్మా అని. గట్ల ఇచ్చేటోన్ని నేనెన్నడు చూడలే."

జానకమ్మ నవ్వు ఆగిపోయింది.

దెయ్యమైనా బాగుండేదనిపించింది ప్రభావతికి. దెయ్యమైతే తనకోసం తిరుగుతున్నాడనుకునేది.

"ఆమెను గుడ పైకి తీస్కపోయిండా?" అని మాత్రం అడిగింది.

"తీస్కపోకుండ? పక్కపక్కనే కూసున్నరు."

ప్రభావతి సంచికి తొడిగిన షేర్వాణీ గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని తీసుకుంది. అహల్య అడ్డు చెప్పలేదు. ఆమె మొహంలో ఏం కనిపించిందో, తన భుజం మీది తువ్వాలు తీసి సంచికి కప్పింది.

ఇంటిదగ్గర అనసూయమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"వాడేనా?"

"ఆయన షేర్వాణే, అత్తమ్మా." ప్రభావతి దాన్ని ఆవిడ ముందు పెట్టింది.

ముసలావిడ ఆ గుడ్డని గుండెకి హత్తుకుంది. "అయితే... దయ్యమేనా నా కొడుకు?"

"కాదు. బతికే ఉన్నడు. పెండ్లాముంది, పిల్ల ఉంది. ఇదే నుమాయిష్‌కు వచ్చి, ఝూలా ఎక్కి పోయిండు. మన గల్లీ దాంక రాలే."

అనసూయమ్మ పెదవులు కదిలాయి. ఎంతైనా తల్లి. "మంచిగున్నడా?" అంది.

"మంచిగనే ఉన్నడు."

పొయ్యి వెలిగింది, అన్నం ఉడికింది. అనసూయమ్మ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, మీద ఇంకో కంచం బోర్లించి గోడవారన పెట్టింది.

ప్రభావతి లేచి వెళ్ళింది. మీది కంచం తీసి పక్కన పెట్టింది. ఆ అన్నం తన ముందుకి లాక్కుని, కలుపుకుని, తినడం మొదలుపెట్టింది.

అనసూయమ్మ చూస్తూ కూచుంది. ఎంతోసేపటికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఇక తిట్లు మొదలని ప్రభావతి తల వంచుకుంది.

ఆవిడ వంటింట్లోకి పోయి తొక్కు జాడీ తెచ్చింది. కోడలి కంచంలో అంత తొక్కు వేసి పక్కనే చతికిలబడింది.

"గా హిమాయత్‌నగర్ బడి... పొద్దుగాల ఎన్నిటికి తెరుస్తరు బిడ్డా?" అంది.