క్వార్టరు నెంబరు అడిగిన ఆవిడ

ఇది చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి చదివినా, అవి పొంగేలోపు అయిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత నేను మళ్లీ సైకిలెక్కాను, పది రోజుల్లో దిగాను. అంతే.

అయితే ముందు మా మెట్ల గురించి చెప్పాలి. ఆర్.కె. పురంలో మాది మూడంతస్తుల క్వార్టర్ల బ్లాకు. కింద ఉండే రాధాకృష్ణమూర్తిగారు రిటైరై ఐదు నెలలైనా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తుతారేమోనని మెట్ల దగ్గర ఎదురైతే చాలు, దగ్గు మొదలుపెడతారు. పై అంతస్తులో మాది 612. ఎదురుగా 611లో సరళకుమారి వాళ్లు. బాపట్ల వైపు మనిషి, పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె భర్త జీవరత్నం చర్చిలో పాడతాడు. ఆయన ఇంట్లో సాధన చేసేటప్పుడు మా గోడకున్న క్యాలెండరు ఊగుతుంది. ఈ సంగతి ఆయనతోనే అన్నాను. చాలా సంతోషించాడు.

మావారు హేమసుందర్ మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు. ఇంట్లో ఏ పని చెప్పినా పరిశీలనలో ఉందంటారు. వంటింటి కుళాయి రెండేళ్లుగా పరిశీలనలోనే ఉంది. మా బ్లాకుకు వెల్ల వేయించడం ఆరేళ్లుగా ఇంకెవరి పరిశీలనలోనో ఉంది.

ఇక మా తేజశ్రీ. ఒక్కతే కూతురు, పదిహేడేళ్లు. ఢిల్లీలో పుట్టింది. తెలుగు అర్థమవుతుంది కానీ నోట్లోంచి ఒక్క ముక్క రాదు. అన్నం తిన్నావా అంటే "ఖా లియా మమ్మీ" అంటుంది. ఊరి నుంచి నాయనమ్మ ఫోన్ చేస్తే ఫోను నా చేతిలో పెట్టి బాత్రూంలో దూరుతుంది. తెలుగు సంఘంలో ఆడవాళ్లు దీని గురించి నన్ను ఎత్తిపొడవని పండగ లేదు. తొమ్మిదో తరగతిలో దానికో గులాబీరంగు సైకిలు కొన్నాం. రెండుసార్లు పడింది, మళ్లీ ముట్టుకోలేదు. అది మెట్ల కింద దుమ్ము తింటూ ఉండిపోయింది.

డిసెంబరులో నాకు షుగరు బయటపడింది. చిన్నప్పుడు ఏం ఆడేవారని డాక్టరు అడిగాడు. మా పల్లె నుంచి రేపల్లె కాలేజీకి రోజూ సైకిలు మీద వెళ్లేదాన్నని చెప్పాను. "వచ్చిన సైకిలు ఎక్కడికీ పోదమ్మా, ఎక్కండి" అన్నాడు. కాళ్ల విషయంలో ఆయన చెప్పింది నిజమే. మెడ సంగతి మాత్రం చెప్పలేదు. యాభై ఏళ్ల మెడ వెనక్కి తిరిగితే హ్యాండిలు కూడా దానితోపాటే తిరుగుతుంది. మొదటిరోజే అలా వెనక్కి చూసి పాలబూతు ముందు క్రేట్ల మీద పడ్డాను. అప్పట్నుంచీ మెడ బిగబట్టి, ముందుకే చూస్తూ తొక్కేదాన్ని. వెనక ఏనుగు వస్తున్నా నాకు తెలియదు.

సరళ నాకు తోడు వచ్చింది. కొత్త గేర్ల సైకిలు కొనుక్కుంది. నాకన్నా మూడేళ్లే చిన్న, కానీ నాలుగో రోజుకే వెనక్కి తిరిగి నాతో మాట్లాడుతూ తొక్కేది. గొప్పలు అంటే అలాగే ఉంటాయి.

జనవరి రెండో వారంలో పొగమంచు దిగింది. రోజూ ఐదున్నరకే బయల్దేరేవాళ్లం, సరళకు డ్యూటీ ఉండేది కాబట్టి. మా సెక్టారు పక్కన పాత క్వార్టర్లు పడగొట్టి ఏవో టవర్లు కడుతున్నారు. ఆ స్థలం చుట్టూ ఎత్తుగా రేకులు పాతారు. ఆ రేకుల వెంబడి రోడ్డు తిన్నగా కిలోమీటరు. బండ్లు తిరగవు. అందుకే మాకు నచ్చింది.

ఆ తెల్లవారుజామున వీధిదీపాలు వెలుగుతున్నాయన్న మాటే కానీ, వెలుగు కిందిదాకా రావడం లేదు. పచ్చటి ముద్దలా పైనే ఆగిపోయింది. వాచ్‌మన్ ఎక్కడో ప్లైవుడ్ ముక్కలు తగలబెడుతున్నాడు, ఆ పొగ గొంతులో గీరుకుంటోంది. తడిసిన సిమెంటు వాసన. రేకుల మీద నుంచి చుక్క చుక్కగా నీళ్లు. సరళ ముందు వెళ్తోంది. ఆమె సైకిలు వెనకున్న ఎర్రలైటు ఒక్కటే కనబడుతోంది.

నా వెనక చిన్న చప్పుడు మొదలైంది. పెడల్ తిరిగినప్పుడల్లా చైను కవరుకు తగులుతున్నట్టు. టిక్... టిక్... పాత సైకిలు.

"ఏవండీ... తెలుగువాళ్లా?"

ఆడగొంతు. మెత్తగా ఉంది.

ఢిల్లీలో తెలుగు చెవినబడితే మనవాళ్లు ఆగలేరు. మెట్రోలో ఎవరైనా ఫోనులో "ఆఁ, చెప్పు" అంటే చాలు, నాలుగు సీట్ల అవతల నుంచి లేచి వెళ్లి ఊరడుగుతాం. ఊరు కలిసినా కలవకపోయినా ఇంటికి రమ్మంటాం. పిలిస్తే ఎవరూ రారు. ఆ ధైర్యంతోనే పిలుస్తాం.

"అవునండీ! మీదే ఊరు?" అన్నాను, ముందుకే చూస్తూ.

"మాది కృష్ణ అవతలండీ. పాలకని వెళ్లొస్తున్నాను."

ఇక నా నోటికి అడ్డేముంది? రేపల్లె, షుగరు, డాక్టరు, మావారి కుళాయి, అన్నీ చెప్పేశాను. ఆవిడ ప్రతిదానికీ "అలాగా అండీ" అంటూనే ఉంది. నా పక్కకు మాత్రం రాలేదు.

"సైకిలు బాగుందండీ. ఎవరిది?"

"మా అమ్మాయిది. తేజశ్రీ. పదిహేడేళ్లు. దానికి తెలుగే రాదండీ, సిగ్గుచేటు."

"వస్తుందిలెండి," అంది ఆవిడ.

రోడ్డు మలుపు దగ్గర "ఒకసారి మా ఇంటికి రండి" అన్నాను. అలవాటు. వెనక చప్పుడు ఆగిపోయింది. ఉన్నట్టుండి, అప్పుడే వెల్ల వేసిన గోడ దగ్గర వచ్చే తడి సున్నం వాసన వచ్చింది. ఈ గవర్నమెంటు ఎవరింటికో ఒకరింటికి వెల్ల వేయించింది కదా అనుకున్నాను.

మెట్ల దగ్గర సరళను అడిగాను. "మన వెనక వచ్చినావిడ ఎవరు?"

"ఎవరక్కా? మీరు ఫోనులో మాట్లాడుతున్నారనుకున్నా."

నా ఫోను ఇంట్లోనే ఉంది.

మర్నాడు మంచు ఇంకా చిక్కబడింది. పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. సరళ నా పక్కనే తొక్కుతోంది. రేకులు మొదలైన చోట... టిక్... టిక్...

"ఏవండీ... వచ్చారా?"

సరళ తల వెనక్కి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. మళ్లీ ముందుకు తిరిగి, హ్యాండిళ్లు తగిలేంత దగ్గరగా జరిగింది. పాతికేళ్లుగా శవాలకు దుప్పటి కప్పుతున్న మనిషి.

"అక్కా..." గొంతు లేకుండా అంది. "మాట్లాడకండి. తొక్కండి."

"ఎవరే?"

"తొక్కండి."

గేరు మార్చిన చప్పుడు. ఎర్రలైటు ముందుకు పోయింది, చిన్నదైంది, మంచులో ఆరిపోయింది. గేర్ల సైకిలు కొనుక్కున్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

నేను తొక్కుతున్నాను. మోకాళ్లు మండుతున్నాయి. సున్నం వాసన... ముక్కుకు దగ్గరగా.

"ఇల్లు కనబడటం లేదండీ," అంది ఆవిడ. అదే మెత్తటి గొంతు. "ఇస్త్రీ వాళ్ల రేకుల షెడ్డు పక్కన తిరిగితే మా బ్లాకు. ఎన్నిసార్లు తిరిగినా షెడ్డే లేదు. పాలు విరిగిపోతాయండీ..."

ఎడమవైపు రేకులు. వాటి వెనక గొయ్యి. బ్లాకులు లేవు, షెడ్డు లేదు, ఏమీ లేదు.

నేను ఇంకా గట్టిగా తొక్కాను.

"నిన్న ఇంటికి రమ్మన్నారు కదండీ. క్వార్టరు నెంబరు చెప్పలేదు."

టిక్ టిక్ ఆగిపోయింది. నా వెనక టైరు కుంగింది. క్యారియరు మీద మనిషి కూర్చుంటే కుంగినట్టు. హ్యాండిలు తేలికైపోయి అటూ ఇటూ ఊగుతోంది. వీపుకు చల్లగా... ఏదో ఆనింది.

"చెప్పండి..." చెవి పక్కనే.

మావారు టూరులో ఉన్నారు. తేజశ్రీ ఇంట్లో ఒక్కతే నిద్రపోతోంది. బయట గొళ్లెం పెట్టి వచ్చాను.

"ఆరు వందల పదకొండు," అన్నాను.

బరువు దిగిపోయింది. సైకిలు ఒక్కసారిగా ముందుకు దూకింది.

రోజూ రెండు పూటలా ప్రార్థన జరిగే ఇల్లు, వాళ్లకేం కాదులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అది ఇంటికొచ్చాక అనుకున్నాను.

సైకిలు మెట్ల కింద పడేశాను. తర్వాత వారం రోజులు తలుపు కన్నంలోంచి 611ను చూస్తూ గడిపాను. పులిహోర చేసి పంపాను. గారెలు పంపాను. జీవరత్నం సాధన మొదలుపెట్టకపోతే గుండె ఆగిపోయేది, మొదలుపెడితే ప్రాణం లేచొచ్చేది. ఆయన పాట కోసం ఎవరైనా అలా ఎదురుచూడటం అదే మొదటిసారి అయి ఉంటుంది. వాళ్లింట్లో ఏమీ జరగలేదు.

విచిత్రమేమిటంటే, సరళ కూడా కేకులు తెస్తోంది. రోజుకు మూడుసార్లు తలుపు కొడుతోంది. "అందరూ కులాసాయేనా అక్కా? తేజు బాగుందా?"

ఎనిమిదో రోజున ఆమెను గుమ్మంలోనే ఆపాను.

"ఆ రోజు ఏం చూశావు?"

"సైకిలు," అంది. "పాతది. ముందు తీగల బుట్ట. పెడళ్లు తిరుగుతున్నాయి. పైన ఎవరూ లేరక్కా."

మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మిమ్మల్ని వదిలేసి అంత ముందుకు వెళ్లానా... అయినా నా వెనకే వినబడింది. 'చెప్పండి, చెప్పండి' అంటూ. క్వార్టరు నెంబరు."

"చెప్పావా?"

చేతిలో ఉన్న కేకు పళ్లెం వంక చూసింది.

"మీ ఇంట్లో దేవుడి మందిరం పెద్దది కదా అని..."

నేను మాత్రం ఏ నెంబరు చెప్పానో ఆమెకు చెప్పలేదు. ఈ బ్లాకులో అందరి సంగతులూ చెప్పేదాన్ని, ఆ ఒక్కటీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

అప్పటికే ఆలస్యమైంది. ఆ మర్నాడు పొద్దున్నే వంటింట్లో ఉన్నాను. వెనక నుంచి తేజశ్రీ గొంతు.

"పాలు నేను తెస్తాను."

తెలుగులో. కృష్ణ అవతలి యాసలో.

అదండీ జరిగింది. మా తేజశ్రీకి తెలుగు వచ్చేసింది. నాయనమ్మతో గంటసేపు మాట్లాడింది, ఆవిడ ఫోనులోనే ఏడ్చింది. ఉగాదికి వ్యాఖ్యానం చెప్పమని తెలుగు సంఘం వాళ్లు వచ్చి అడిగి వెళ్లారు. ఇదంతా తన పెంపకమేనని మావారు ఆఫీసులో చెప్పుకుంటున్నారు. సరళ మా గుమ్మం తొక్కడం మానేసింది, ట్రాన్స్‌ఫర్‌కు పెట్టుకుందట. తేజశ్రీ రోజూ ఐదున్నరకు ఆ గులాబీరంగు సైకిలు మీద పాలకు వెళ్తుంది. తొక్కడం ఎవరు నేర్పారని నేను అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు తిన్నగా మా మెట్ల దగ్గరే ఆగుతుంది, దారి తప్పదు. దాని గదిలో మాత్రం ఎంత తుడిచినా తడి సున్నం వాసన పోవడం లేదు.

నన్ను మమ్మీ అనడం మానేసింది. ఏవండీ అంటోంది.